మా కుక్క నోటి దుర్వాసనకు చేపలే కారణమా?

రాజోలు గృహిణి:
అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో ఎనిమిదేళ్ళ నాటుకుక్క ఉంది, పేరు టైగర్. మూడు నెలలుగా దాని నోటి నుంచి దుర్వాసన వస్తోంది. మొదట్లో దగ్గరకు వచ్చి ఆవలించినప్పుడే తెలిసేది, ఇప్పుడు అరుగు మీద పడుకున్నా లోపలి గది వరకు వస్తోంది. వారంలో నాలుగు రోజులు మా ఇంట్లో చేపల కూర ఉంటుంది, శీలావతి తలకాయలు ఉడికించి ముళ్ళు తీసి దాని అన్నంలో కలపడం అలవాటు. అందుచేత చేపలు తినే నోరు అలాగే ఉంటుందని మా అత్తగారితో సహా అందరూ తేల్చేశారు. నాకు నమ్మకం కుదరక రెండు వారాలు చేపలు పూర్తిగా మాన్పించి పెరుగన్నం, కోడిగుడ్డు మాత్రమే పెట్టాను. వాసన రవ్వంత కూడా తగ్గలేదు. తిండి బాగానే తింటోంది, హుషారుగానే ఉంది. ఒక్క మార్పు మాత్రం గమనించాను: పెరట్లో కొబ్బరి చిప్ప దొరికితే గంటల తరబడి కొరికే కుక్క ఈ మధ్య దాన్ని వాసన చూసి వదిలేస్తోంది. కారణం ఎక్కడ వెతకాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

భీమవరం చెరువుగట్టు:
అమ్మా, మా రొయ్యల చెరువుల దగ్గర కాపలాకు ఐదు కుక్కలు ఉన్నాయి. చచ్చిన రొయ్యలు, గట్టు మీద పడిన చేపలు అవి తింటూనే ఉంటాయి కాబట్టి ఆ వాసన నాకు బాగా తెలుసు. తిన్న పూట ఉంటుంది, మర్నాటికి పోతుంది. మీరు రెండు వారాలు మాన్పించి చూశారు కనుక చేపల సంగతి ఇక వదిలేయవచ్చు. నాకైతే మీరు చివర్లో రాసిన కొబ్బరి చిప్ప మాటే ముఖ్యంగా కనిపిస్తోంది. కుక్క మెత్తటి అన్నాన్ని పెద్దగా నమలదు, మింగేస్తుంది. అందువల్ల పంటి నొప్పి ఉన్నా గిన్నె ఖాళీ అవుతూనే ఉంటుంది, గట్టి వస్తువు దగ్గరకు వచ్చేసరికి ఆ నొప్పి బయటపడుతుంది.

పగటి వెలుతురులో కూర్చోబెట్టి పెదవిని పక్కనుంచి మెల్లగా పైకి ఎత్తండి, నోరు తెరవనక్కరలేదు. పై దవడలో కోరపన్ను దాటి వెనక్కి వెళితే, ఇంచుమించు కంటికి సూటిగా కింద, అన్నిటికంటే పెద్ద పన్ను ఒకటి ఉంటుంది. లాలాజలం వచ్చే నాళం ఒకటి దానికి ఎదురుగానే తెరుచుకుంటుంది, ఆ లాలాజలంలోని ఖనిజాలు పాచిలో చేరి గట్టిపడడం వల్ల గార ముందుగా అక్కడే కడుతుంది. చిగురు అంచు ఎర్రగా ఉందా, పన్ను విరిగి ఉందా చూడండి. తప్పనిసరిగా రెండు వైపులా చూసి పోల్చండి. ఒక వైపు గార మందంగా, రెండో వైపు పలుచగా ఉంటే, మందంగా ఉన్న వైపుతో కుక్క నమలడం మానేసిందేమో అనుమానించాలి, ఎందుకంటే నమిలే పన్ను ఆ రాపిడికి కొంతవరకు శుభ్రపడుతుంది. మా పెద్ద కుక్క సంగతి ఇలాగే తెలిసింది. వాసన అంతా నోటి నుంచే పుట్టినా కడుపులో ఏదో ఉందనుకొని నేను నెల రోజులు నులిపురుగుల మందు మీద గడిపాను.

అమలాపురం ఉపాధ్యాయుడు:
మెల్లగా పెరిగిన వాసన వేరు, రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా వచ్చిన వాసన వేరు. మా కుక్కకు ఉడికించిన కోడి ఎముక ముక్క పై పళ్ళ నడుమ అంగిలికి అడ్డంగా ఇరుక్కుంది. ముందుకాలితో మూతి గీరుకుంటూ, చొంగ కారుస్తూ తిరిగింది, మూడో రోజుకు కుళ్ళు వాసన మొదలైంది. డాక్టరు గారు మత్తు ఇచ్చి ఆ ముక్కను తీశాక వాసన రెండు రోజుల్లో పోయింది. ఇది చదివే ప్రతి ఒక్కరికీ ఒక మాట గట్టిగా చెప్పాలి: చొంగ కారుస్తూ మింగలేకపోతున్న కుక్క నోట్లో ఎముక ఉందనుకొని చెయ్యి పెట్టకండి. రేబిస్ వచ్చిన కుక్క కూడా గొంతులో ఏదో అడ్డుపడినట్టే కనిపించవచ్చు. ఆ పరీక్ష వైద్యుడికే వదిలేయాలి.

పాలకొల్లు పామరేనియన్:
మాది చిన్న పిల్ల. ఐదో నెలలో వాసన వస్తే భయపడ్డాను. 28 పాలపళ్ళు ఊడి 42 పళ్ళు వచ్చే వయసులో కొంత వాసన మామూలేనట. అయితే చిన్న జాతుల్లో పాల కోరపన్ను ఊడకుండా కొత్తదాని పక్కనే నిలిచిపోతుంది, ఆ సందులో తిండి ఇరుక్కుంటుంది. మాకు దాన్ని తీయించాల్సి వచ్చింది.

లంక రైతు:
మాది పి.గన్నవరం వైపు లంక గ్రామం. 2022 జూలై వరదల్లో మా కుక్కను పడవ మీద గట్టుకు చేర్చాము. నీళ్ళు తీసిన కొద్ది రోజులకు దాని నోరు వాసన వేయసాగింది. కుళ్ళు వాసన కాదు, మూత్రపు దొడ్డిలో వచ్చే ఘాటు. పళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. తొట్టిలో నీళ్ళు ఎన్ని పోసినా తాగేసేది, రాత్రిళ్ళు పదేపదే మూత్రానికి లేచేది. వరదకు చచ్చిన చేపలు తిన్నదేమో అనుకొని మూడు వారాలు ఊరుకున్నాము. రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్, యూరియా చాలా ఎక్కువగా ఉన్నాయి. మూత్రపిండాలు బయటికి పంపలేని యూరియా రక్తంలో పేరుకొని లాలాజలంలోకి వస్తుందని, నోటిలోని సూక్ష్మజీవుల వల్ల అమ్మోనియాగా మారుతుందని డాక్టరు గారు వివరించారు. ఎలుకల మూత్రం కలిసిన వరదనీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చునన్నారు. దానికి ఏటా వేయించే టీకా ఉందని మాకు అప్పుడు తెలిసింది. కుక్క దక్కలేదు. పదకొండేళ్ళు మా పాక ముందే పడుకుంది.

అందుకే టైగర్ ఎన్ని నీళ్ళు తాగుతోందో ఒక రోజంతా కొలిచి పోయండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే ఆలస్యం చేయవద్దు. మాగిన పండులాంటి తీపి వాసన వచ్చినా అంతే, అది ముదిరిన మధుమేహంలో వచ్చే వాసన.

రాజోలు గృహిణి:
మీ కుక్క గురించి చదివి మనసు బరువెక్కింది. మీరు చెప్పినట్టే కొలిచాను. టైగర్ బరువు 18 కిలోలు, రోజంతా తాగిన నీళ్ళు లీటరు లోపే. పెదవి ఎత్తి చూస్తే కుడి వైపు పలుచని పసుపు గార, ఎడమ వైపు గోధుమ రంగులో పెంకులాగా మందంగా ఉంది. ఎడమ కంటి కింద చిన్న వాపు కూడా చేతికి తగిలింది. మా పేస్టుతో తోమితే పోతుందా?

తణుకు పాఠకుడు:
వద్దండి. మనుషుల పేస్టును కుక్క ఉమ్మివేయదు, మింగుతుంది. కొన్నింటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కొద్దిపాటిగా మింగినా కుక్క రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. గార కట్టాక బ్రష్‌తో రాదు. చాకుతో గీకితే పైకి కనిపించేది పోతుంది గాని, జబ్బు చేసే మురికి చిగురు కిందే ఉండిపోతుంది. కంటి కింద వాపు ఆ పెద్ద పంటి వేళ్ళలో చీము పట్టినప్పుడు వస్తుంది. రేపే తీసుకువెళ్ళండి.

రాజోలు గృహిణి:
తీసుకువెళ్ళాము. ఆ పెద్ద పన్ను బయటి వైపు నిలువునా పెచ్చు లేచి ఉంది, గార దాన్ని కప్పేయడం వల్ల నాకు కనిపించలేదు. ఎక్స్‌రేలో వేళ్ళ చుట్టూ చీము తెలిసింది. ఎముకలు, చిప్పలవంటి గట్టి వస్తువులు కొరికే కుక్కల్లో ఈ పన్ను ఇలాగే విరుగుతుందట. ముందు రక్తపరీక్ష చేసి, పూర్తి మత్తులో మూడు వేళ్ళున్న ఆ పన్ను తీసి, మిగిలిన పళ్ళ గార తొలగించారు. ఈ రోజుకు పదో రోజు. కంటి కింద వాపు దిగింది, నిన్న రాత్రి నా ఒళ్ళో తల పెట్టుకొని ఆవలిస్తే ఏ వాసనా లేదు. పెరట్లో చిప్పలన్నీ ఏరి పొయ్యిలో పెట్టేశాను, శీలావతి మళ్ళీ పెడుతున్నాను. భీమవరం వారిని ఒకటి అడగాలి: బ్రష్ ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?

భీమవరం చెరువుగట్టు:
చాలా సంతోషం అమ్మా. కుట్లు మానిన సంగతి డాక్టరు గారు చూసి చెప్పేదాకా ఎడమ వైపు ముట్టుకోవద్దు. మేము రెండు వారాలు ఆగాము. మొదటి వారం బ్రష్ లేకుండా వేలికి తడి గుడ్డ చుట్టి, కుడి వైపు పళ్ళ బయటి ముఖాలు మాత్రమే తుడవండి. ఆ తరువాత కుక్కల పేస్టుతో రోజూ ఒకే వేళకు చేయండి. మా పెద్దది ఇప్పుడు సాయంత్రం మేత చల్లడం అయ్యేసరికి తనే వచ్చి మూతి ఎత్తి నిలబడుతుంది.