సీఓపీడీ ముదిరిన నాన్నగారికి ఇంట్లో వ్యాయామం ఎలా చేయించాలి?

నమస్కారమండీ. మాది గుంటూరు. నాన్నగారికి సీఓపీడీ (ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) బాగా ముదిరింది. ఏళ్ల తరబడి మిర్చి యార్డు ఘాటులో పనిచేసిన మనిషి, దానికి తోడు చుట్టలు. ఇప్పుడు బాత్రూమ్ దాకా నడిచినా ఆయాసమే. కదలకుండా కూర్చుంటే కాళ్లలో కండ తగ్గి ఆయాసం ఇంకా పెరుగుతుందని, వ్యాయామం తప్పదని డాక్టరుగారు చెప్పారు. ఈ ఎండల్లో ఆటోలో ఫిజియోథెరపీకి తీసుకెళ్లడం మాత్రం అయ్యే పని కాదు.

అందుకే ఇంట్లోనే కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులెత్తడం, వరండాలో కాస్త నడక. లేచేటప్పుడు ఈల వేసినట్టు పెదాలు చుట్టి నెమ్మదిగా ఊపిరి వదిలితే కొంత తేలిగ్గా ఉంటోంది. వేలికి పెట్టే ఆక్సిమీటరులో ఆక్సిజన్ 88 శాతం కంటే తగ్గితే ఆపేస్తున్నాం, ఆ హద్దు డాక్టరుగారు పెట్టిందే. కానీ అంకె బాగానే ఉన్నా, ఊపిరి అందదేమోనని భయపడి కూర్చుండిపోతారు. పాపం, ఆయన్ని బలవంతపెట్టడానికి మనసొప్పదు.

మీ ఇళ్లలో ఇలాంటి పెద్దవాళ్లుంటే ఆ భయం ఎలా పోగొట్టారు? ఇన్‌హేలర్ పీల్చాక ఎంతసేపటికి మొదలుపెట్టేవారు? ఆక్సిజన్ గొట్టంతోనే నడిపించారా? ఇంటికొచ్చి నేర్పే ఫిజియోథెరపిస్టులు గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఉంటే దయచేసి చెప్పండి.