ఊరి సంఘాలకు ఆరోగ్య శాఖ డబ్బు ఇవ్వాలా, వద్దా?

లంకగట్టు:
మా పీహెచ్‌సీ అభివృద్ధి సొసైటీ మీటింగులో ఒక ప్రతిపాదన వచ్చింది. బోదకాలు ఉన్నవాళ్ళకి కాళ్ళు కడుక్కోవడం, పుళ్ళు పడకుండా చూసుకోవడం నేర్పుతున్న మా మహిళా సంఘానికి ఏడాదికి 20,000 రూపాయలు ఇవ్వాలని. ఇద్దరు సభ్యులు అడ్డు చెప్పారు. సంఘాలకి డబ్బిస్తే లెక్కలుండవన్నారు. విషయం వాయిదా పడింది. ఇక్కడ ఆరోగ్య శాఖలో పనిచేసినవాళ్ళు, సంఘాలు నడిపినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా పని ఏమిటో ముందు చెప్తాను. మురుగు కాలవలు, ఇళ్ళ వెనక నిలిచిన నీళ్ళు ఉన్నంతకాలం క్యూలెక్స్ దోమ ఉంటుంది. మన డెల్టాలో బోదకాలు తరాలుగా పట్టుకుని ఉండటానికి కారణం అదే. ఏళ్ళ తరబడి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పంచారు. అవి రక్తంలో తిరిగే పురుగు పిల్లల్ని చంపుతాయి, ఇంకొకళ్ళకి అంటకుండా ఆపుతాయి. దేశం మొత్తం మీద 2027 కల్లా ఈ జబ్బు వ్యాప్తిని ఆపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. కానీ ఇప్పటికే వాచిపోయిన కాలు ఆ మాత్రలకి తగ్గదు. దానికి కావలసింది రోజూ సబ్బుతో కడగడం, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవడం, పగుళ్ళకి ఆయింట్‌మెంట్ రాయడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తిపెట్టుకోవడం. ఇది వదలకుండా చేసినవాళ్ళకి గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం రావడం బాగా తగ్గుతుంది. జ్వరం రాకపోతే ఆ వారం కూలి పోదు.

ఆరోగ్య శాఖ టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉన్న కిట్టు ఇస్తుంది. ఆ టబ్బులో బియ్యం పోసుకున్న ఇళ్ళు చూశాను. వస్తువు ఇస్తే సరిపోదు, అలవాటయ్యే దాకా పక్కన కూర్చుని కడిగించే మనిషి కావాలి. ఏఎన్ఎంకి అంత తీరిక లేదు. మా సంఘం ఆడవాళ్ళు ఆ పని చేస్తున్నారు, ఆటో ఖర్చులు, సబ్బుల ఖర్చు చేతి నుంచి పెట్టుకుంటున్నారు. వాళ్ళకి ఆ 20,000 ఇస్తే తప్పేమిటి?

రిటైర్డ్_సూపర్‌వైజర్:
అమ్మా, మీ పని మంచిదే. డబ్బు సంగతి వేరు. నేను ఆరోగ్య శాఖలో ఉండగానే 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. ఊరికో ఆరోగ్య, పారిశుధ్య కమిటీ, దానికి ఏడాదికి 10,000 రూపాయలు. ఊరి అవసరాన్ని బట్టి ఊరే ఖర్చు పెట్టుకోవాలని ఉద్దేశం. కాగితం మీద అంతకన్నా గొప్ప ఆలోచన లేదు. జరిగిందేమిటో నేను కళ్ళారా చూశాను. ఏ ఊరి ఫైలు తీసినా బ్లీచింగ్ పౌడర్ బిల్లే. రెండు మూడు ఊళ్ళ బిల్లులు ఒకే చేతిరాతతో ఉండేవి. బస్తాలు ఎక్కడ దిగాయో, ఏ కాలవలో చల్లారో అడిగితే ఏఎన్ఎం తల దించుకునేది, ఎందుకంటే సంతకం ఆమెది, నిర్ణయం ఆమెది కాదు.

మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకి ఒక సబ్ సెంటర్, 30,000 జనాభాకి ఒక పీహెచ్‌సీ ఉండాలని నియమం. ఆ సబ్ సెంటర్‌లో మనిషి ఖాళీ అయితే నెలల తరబడి పక్క ఊరి ఏఎన్ఎం ఇన్‌చార్జి. కడిగించే మనిషి లేదని మీరే అన్నారు. మనిషిని వెయ్యమని అడగండి. సంఘం ఆ పని చేస్తూ పోతే ఆ ఖాళీ ఎవరికీ కనపడదు. పైవాళ్ళకి కావలసింది అదే.

గట్టుమీద_కుర్రాడు:
మాస్టారు చెప్పింది నిజమండి. మా ఊళ్ళో బ్లీచింగ్ చల్లింది పెద్దవీధిలో ఒక్కచోటే.

లంకగట్టు:
మాస్టారూ, బ్లీచింగ్ బిల్లుకీ మాకూ సంబంధం ఏమిటండి? ఆ కమిటీ ప్రభుత్వం వేసిన కమిటీ. మాది మేం పెట్టుకున్న సంఘం.

రిటైర్డ్_సూపర్‌వైజర్:
సంబంధం ఉంది. డబ్బు ఒకటే, ఖర్చయిందని రాసిచ్చే యూసీ కాగితం ఒకటే. బ్లీచింగ్ విషయంలో ఏం జరిగిందో తేలకుండా కొత్తగా ఎవరికీ పైసా ఇవ్వకూడదు.

పాలకొల్లు_మాజీ_ట్రెజరర్:
నేను రెండు వైపులా కాదు. సంఘాలకి ఇవ్వొద్దనే అంటాను, కానీ కారణం వేరు. గ్రాంటు వస్తే సంఘం పాడైపోతుంది.

మా యువజన సంఘం చందాలతో కంటి శిబిరాలు పెట్టేది. శుక్లాల ఆపరేషన్లకి స్వచ్ఛంద ఆసుపత్రులకి కేసుకింత అని ప్రభుత్వం ఇచ్చే పద్ధతి అంధత్వ నివారణ కార్యక్రమంలో ఎప్పటినుంచో ఉంది. మేం ముసలివాళ్ళని పోగుచేసి, ఆటోల్లో తీసుకెళ్ళి, ఆపరేషన్ అయ్యాక ఇళ్ళకి చేర్చేవాళ్ళం. ఎవరూ రూపాయి అడిగేవారు కాదు. ఒక ఏడాది ఒక ఆఫీసు వాళ్ళు రవాణా ఖర్చులకి కొంత ఇస్తామన్నారు. డబ్బు మార్చి నెలలో వచ్చింది, నెలాఖరులోగా ఖర్చు చూపించమన్నారు. షామియానా వేసినతను జీఎస్టీ బిల్లు ఇవ్వలేడు, ఆటోవాళ్ళు అసలే ఇవ్వలేరు. ఆ ఖర్చంతా కొట్టేశారు. కట్టింది ఎవరు? ట్రెజరర్ని కాబట్టి నేను. మా ఇంట్లో ఆ టెన్షన్ నేను ఎవరికీ చెప్పుకోలేదు. మరుసటి ఏడు శిబిరానికి పిలిస్తే మా కుర్రాళ్ళే 'ఈసారి ఎంత వచ్చిందన్నా?' అని అడిగారు. అప్పుడు మానేశాను.

ఇంకోటి. 2021 తర్వాత ఆరోగ్య మిషన్ డబ్బుకి జీరో బ్యాలెన్స్ ఖాతాలు వచ్చాయి. డబ్బు మీ దగ్గర ఉండదు, పరిమితి మాత్రమే కనపడుతుంది. ఏడాది చివర వాడనిది పోతుంది. జూన్‌లో వానలు మొదలైనప్పుడు కావలసిన సబ్బులకి మార్చిలో వచ్చే డబ్బు ఏం చేసుకుంటారు?

రావులపాలెం_సిస్టర్:
ట్రెజరర్ గారు చెప్పిన ఇబ్బంది నిజమే. అయితే దానికి మందు చిన్న మొత్తాలకి చిన్న లెక్క అడగడం. ఆటోకి జీఎస్టీ బిల్లు అడిగే ఆఫీసరుది తప్పు, గ్రాంటుది కాదు.

సంఘాలతో ఏం అవుతుందనేవాళ్ళు మన జిల్లాల హెచ్ఐవీ కథ గుర్తు తెచ్చుకోండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో), రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ డబ్బుని స్వచ్ఛంద సంస్థలకీ, తర్వాత బాధితుల సొంత సంఘాలకీ ఇచ్చాయి. పోలీసుని చూస్తేనే పరుగెత్తే సెక్స్ వర్కరు దగ్గరికి పీహెచ్‌సీ ఉద్యోగి వెళ్ళి కూర్చోగలడా? వాళ్ళలోంచే ఒకామెకి శిక్షణ ఇచ్చి పంపారు. ఆమె చెప్తే పరీక్షకి వచ్చారు. నేను హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగు చేసే ఐసీటీసీ కేంద్రంలో పనిచేశాను కాబట్టి తెలుసు, ఎవరిని ఎవరు తీసుకొచ్చారో రోజూ చూసేదాన్ని. ఒకప్పుడు ఆంధ్రలో గర్భిణుల్లో హెచ్ఐవీ శాతం దేశంలోనే ఎక్కువగా ఉండేది. అది అంత దిగి రావడంలో ఆ ఆడవాళ్ళ నడక ఉంది.

లెస్టర్_నుంచి_అమలాపురం:
ఇక్కడ ఇంగ్లండులో 2019 ప్రణాళికలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్ ప్రతి డాక్టరు క్లినిక్ సమూహానికీ ఒక లింక్ వర్కర్‌ని పెట్టడం మొదలుపెట్టింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళని మాత్రలతో సరిపెట్టకుండా ఊళ్ళో భోజనాల క్లబ్బుకో, తోట పనికో, నడక బృందానికో పంపుతారు. అయితే పంపడానికి జీతాలున్నాయి కానీ ఆ క్లబ్బులు నడవడానికి డబ్బెవరిస్తారని ఇక్కడ కూడా గొడవే.

రిటైర్డ్_సూపర్‌వైజర్:
ఇంగ్లండులో పంపే డాక్టరు ముందు ఉన్నాడు బాబూ. మన సంగతి మాట్లాడండి. 104 బండితో డాక్టరు ఊరికి వచ్చే రోజు తప్ప మిగతా రోజుల్లో పరిస్థితి ఏమిటి? సిస్టర్ గారు హెచ్ఐవీ అంటున్నారు. దాని వెనక లెక్కలు చూసేవాళ్ళు, ఏటా మదింపు, జీతం ఉన్న కౌన్సిలరు ఉన్నారు. 20,000కి అవన్నీ వస్తాయా? లంకగట్టు గారూ, అడగక తప్పట్లేదు. మీ సంఘం ప్రెసిడెంటు గారింట్లో ఎవరైనా పంచాయతీలో ఉన్నారా? ఉంటే ఇది సేవ కాదు.

లంకగట్టు:
ఆ మాట బాధగా ఉంది మాస్టారూ. మా ప్రెసిడెంటు భర్త వార్డు మెంబరు. అయితే ఏం? ఆమె ఎండలో తిరిగి పుళ్ళు కడిగించిందా లేదా? మీరు సర్వీసులో ఉన్నన్నాళ్ళూ బోదకాలు ఉన్న ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళారో చెప్పండి ముందు. జీతం తీసుకుని చెయ్యనివాళ్ళు జీతం లేకుండా చేసేవాళ్ళని దొంగల్లా చూస్తున్నారు.

గట్టుమీద_కుర్రాడు:
పెద్దాయన్ని అలా అనకండి.

పేట_అమ్మాయి:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. లంకగట్టు గారూ, మీరు చెప్పిన వివరాల్ని బట్టి మీ ఊరు పోల్చుకున్నాను. మాదీ అదే ఊరు. కాలవకి అవతలి పేట.

మా అమ్మకి ఒక కాలు బాగా వాచింది, రెండోది మొదలైంది. పింఛను అడిగితే రెండు కాళ్ళూ నాలుగో గ్రేడు అయితేనే 10,000 అని పంపేశారు. మీ సంఘం శిబిరం రామాలయం అరుగు మీద పెడతారు. మా అమ్మ అక్కడికి వచ్చి కాలు చాపుకుని కూర్చోగలదా? ఎవరూ రావద్దనలేదు, నిజమే. ఎవరూ అననక్కర్లేదు, ఆవిడకి తెలుసు. తర్వాత మీ వాళ్ళు పేట మొదటికి వచ్చి కిట్టు చేతికిచ్చి, ఎలా కడగాలో నిలబడి చెప్పి వెళ్ళారు. పెద్దవీధిలో పక్కన కూర్చుని కడిగించారు కదా, మా దగ్గర కూర్చోలేదు. మీరు బియ్యం పోసుకున్నారన్న టబ్బుల్లో ఒకటి మాదే అయినా ఆశ్చర్యం లేదు.

పీహెచ్‌సీలో నర్సు మా అమ్మ కాలు ముట్టుకోకపోతే నేను పైవాళ్ళకి ఫిర్యాదు రాస్తాను. అది నా హక్కు. సంఘం అమ్మగారు ముట్టుకోకపోతే ఎవరికి రాయాలి? అదే డబ్బు మీ ఖాతాలోకి వెళ్తే నా హక్కు మీ దయ అవుతుంది. మీకు లెక్కలు ఉండవని కాదు నా భయం. మీ లెక్కలు సరిగ్గానే ఉంటాయి. అందులో మేం ఉండం.

పాలకొల్లు_మాజీ_ట్రెజరర్:
ఆరోగ్యం గురించి మాట్లాడుతుంటే కులం ఎందుకు తెస్తున్నారు?

పేట_అమ్మాయి:
తెచ్చింది నేను కాదు. అరుగు ఎక్కడుందో చూడండి.

లంకగట్టు:
అరుగు దగ్గర కుళాయి ఉంది, కాళ్ళు కడగడానికి నీళ్ళు కావాలి, అందుకని అక్కడ పెట్టాం. పేటలో ఆ రోజు నీళ్ళు రావడం లేదు. మా వాళ్ళలో కొందరికి ఇంట్లో అభ్యంతరాలు ఉన్నాయి, అది నేను కాదనను. వాళ్ళని ఇల్లు దాటించడానికే నాకు చాలా కాలం పట్టింది. నువ్వు అడిగింది న్యాయమే తల్లీ, కానీ అన్నీ ఒకేసారి అడిగితే ఉన్న సంఘం కూడా ఉండదు.

పేట_అమ్మాయి:
మా అమ్మ కాలు అంతకాలం ఆగదండి.

రావులపాలెం_సిస్టర్:
ఇదే అసలు విషయం. మనం ఇంతసేపూ బ్లీచింగ్ బిల్లుల దగ్గరే తిరిగాం.

గ్రామ ఆరోగ్య కమిటీ నిబంధనల్లోనే సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలనీ, ఊరికి చెందిన ప్రతి పేటకీ ప్రాతినిధ్యం ఉండాలనీ ఉంది. ఎవరూ చదవరు. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ ఆదివాసీ పల్లెల్లో ఆడవాళ్ళని నెలనెలా కూర్చోబెట్టి, పురుట్లో ఏం తప్పు జరుగుతోంది, మనం ఏం చెయ్యగలం అని వాళ్ళ చేతే మాట్లాడించింది. 2010లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. మీటింగులు లేని పల్లెలతో పోలిస్తే మూడేళ్ళలో నెలలోపు శిశు మరణాలు 32 శాతం తక్కువ. ఆ పద్ధతి బలమంతా, ఎవరి పిల్లలు చనిపోతున్నారో వాళ్ళే కూర్చుని తేల్చుకోవడంలో ఉంది. కాబట్టి డబ్బు ఇవ్వండి, కానీ కాలు వాచినవాళ్ళు కూర్చునే సంఘానికి ఇవ్వండి. చెక్కు మీద రెండో సంతకం రోగిదై ఉండాలి, అదీ పేట నుంచి. శిబిరం ఒక నెల అక్కడ, ఒక నెల ఇక్కడ. ఇవి రాసి ఇస్తేనే సొసైటీ మంజూరు చెయ్యాలి.

పాలకొల్లు_మాజీ_ట్రెజరర్:
రెండో సంతకం పెట్టినావిడ మీద రేపు ఆడిట్ వస్తే? మళ్ళీ జీఎస్టీ బిల్లు దగ్గరికే వస్తాం. పేదావిడ ఎక్కడినుంచి తెచ్చి కడుతుంది?

పేట_అమ్మాయి:
మా పేటలో పొదుపు సంఘం పుస్తకాలు రాసేది నేనే. బ్యాంకు వాళ్ళు తప్పు పట్టలేదు ఇంతవరకు.

లంకగట్టు:
సంతకం సంగతి మా వాళ్ళ ముందు పెడతాను. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను. ప్రెసిడెంటు గారు ఒప్పుకోకపోతే ఆ షరతు నేనే సొసైటీకి రాస్తాను.

పేట_అమ్మాయి:
మాట అక్కర్లేదండి. మీటింగు తేదీ ఇక్కడ పెట్టండి. అమ్మని తీసుకుని నేనే వస్తాను.

రిటైర్డ్_సూపర్‌వైజర్:
అమ్మాయ్, నువ్వు తప్పకుండా వెళ్ళు. వెళ్ళినప్పుడు సబ్ సెంటర్‌లో ఖాళీ ఎప్పుడు నింపుతారో కూడా రాతపూర్వకంగా అడుగు. ఆ సంగతి నేను మొదట్లోనే రాశాను, ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు.