న్యూ ఓర్లీన్స్ పియానో బార్‌కి వెళ్తున్నాం, ఇంగ్లీషు పాటలు రాని వాళ్ళం అక్కడ ఏం చేయాలి?

హ్యూస్టన్ గోంగూర:
లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి మూడు జంటలం హ్యూస్టన్ నుంచి కార్లో న్యూ ఓర్లీన్స్ పోతున్నాం. ఐ-10 హైవే మీద దాదాపు 350 మైళ్ళు, అదేం ఫర్వాలేదు. శనివారం రాత్రికి మా వాడొకడు సెయింట్ పీటర్ స్ట్రీట్‌లో ప్యాట్ ఓబ్రయన్స్ పియానో బార్ అని ప్లాన్‌లో పెట్టాడు. రెండు పియానోల మీద ఇద్దరు వాయిస్తూ పాడతారట, జనం కూడా గొంతు కలపాలట. నా టెన్షన్ ఏంటంటే, నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం, 26 ఏళ్ళకి ఈ దేశం వచ్చాను, వాళ్ళ పాత పాటలు ఒక్కటీ రావు. మా ఆవిడ మందు ముట్టదు. అందరూ ఊగిపోతుంటే మేమిద్దరం పిలవని పేరంటానికి వచ్చినట్టు కూర్చోవాలా? పాట అడగాలంటే డబ్బులు కూడా పెట్టాలంటున్నారు, ఎంత? మన పాట అడిగితే నవ్వుతారా?

గోదారి గట్టు:
గురూ, మీ ఊళ్ళో పద్యనాటకం ఎప్పుడైనా చూశావా? అయితే నీకు ఇది సగం తెలిసిందే. హార్మోనియం ఉండాల్సిన చోట పియానో ఉంటుంది, అంతే తేడా. బల్ల మీద చిన్న కాగితాలు ఉంటాయి, పాట పేరు రాసి, నోటు జత చేసి పియానో మీద పెట్టి రావాలి. నోటు లేని చీటీ అడుగుకి పోతుంది, అది తెల్లారినా పైకి రాదు. నేను మామూలు రోజుల్లో 5 పెట్టాను, పని జరిగింది. శనివారం అయితే 10 దగ్గర పెట్టుకో, 20 పెట్టినవాడి చీటీ ఎలాగూ నీకంటే ముందుకెళ్తుంది.

అసలు మజా ఎక్కడంటే పోటీలో. టెక్సాస్‌లో ఒక బార్లో చూశాను, పేరెందుకులే. ఆస్టిన్ యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) వాళ్ళు తమ కాలేజీ పాటకి డబ్బులు పెట్టారు. రెండు లైన్లు కాగానే వాళ్ళకి పోటీ అయిన టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ బ్యాచ్ లేచి, ఆ పాట ఆపమని అంతకంటే పెద్ద నోటు పెట్టింది. పియానో ఆగిపోయింది. వీళ్ళు మళ్ళీ పెంచారు. ఏ అండ్ ఎమ్‌లో ఎమ్మెస్ చేసిన మనవాడొకడు, ఇంట్లో ఉల్లిపాయల సేల్ కోసం మూడు షాపులు తిరిగేవాడు, అలాంటోడు లేచి 40 డాలర్లు పెట్టొచ్చాడు! పెళ్ళిళ్ళలో మైకులో చదివింపులు చదువుతుంటే అవతలి వియ్యాలవారు ఇంకో 116 కలపడం లేదూ, అదే వ్యవహారం. లూసియానా కదా, మీకు ఎల్‌ఎస్‌యూ, అలబామా యూనివర్సిటీల గొడవ తగలొచ్చు. ఏ వైపూ తేలకండి, చూస్తూ కూర్చోండి.

మంచినీళ్ళ బ్యాచ్:
మందు తాగని దాన్నే, అయినా అక్కడికి రెండుసార్లు వెళ్ళాను. కోక్ తెప్పించుకుంటే ఎవరూ వింతగా చూడరు. ఐడీ మాత్రం మర్చిపోవద్దు. అందరూ తాగే హరికేన్ అన్న ఎర్రటి డ్రింక్ అక్కడిదే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విస్కీ దొరక్క, రమ్ మాత్రం కుప్పలుగా ఉంటే దాన్ని వదిలించుకోవడానికి పళ్ళరసంతో కలిపి, హరికేన్ లాంతరు చిమ్నీలాంటి గ్లాసులో పోశారట, ఆ ఆకారం వల్లే ఆ పేరు. రుచి షర్బత్‌లా ఉంటుందని మా ఆయన రెండు లాగించారు, హోటల్‌కి నేనూ మరిదీ చెరో చెయ్యీ పట్టుకుని నడిపించాం.

నాకు పాటలకంటే నచ్చింది ట్రే వాయించే మనిషి. దర్జీలు వేలికి పెట్టుకునే ఇనుప తొడుగులుంటాయి చూడండి, అవి వేళ్ళన్నిటికీ తొడుక్కుని, డ్రింకులు మోసే ట్రే అడుగున పియానోకి సరిగ్గా దరువు వేస్తుంటాడు. మా అమ్మమ్మ బియ్యం చేటని కొట్టిన లయ గుర్తొచ్చింది. కాబట్టి పియానోలకి దగ్గర్లో కూర్చోండి, వెనకాల గోల తప్ప ఏమీ వినపడదు.

పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం ఇక్కడికి కాదు, అదే వీధిలో పక్కనే ప్రిజర్వేషన్ హాల్. 1961 నుంచి నడుస్తోంది, బార్ ఉండదు, పిల్లల్ని కూడా రానిస్తారు.

డల్లాస్ బాధితుడు:
ఒక్కటే మాట. చీటీ మీద పుట్టినరోజు అనీ, కొత్త పెళ్ళికొడుకు అనీ రాయొద్దు. మా వాళ్ళు ఇక్కడ ఒక బార్లో నా పెళ్ళికి వారం ముందు రాశారు. స్టేజీ ఎక్కించి, కుర్చీలో కూర్చోబెట్టి, నా మీద అప్పటికప్పుడు ఒక బూతు పాట కట్టి హాలంతా పాడించారు. వీడియో మా మామగారి ఫోన్‌కి చేరింది. ఇంకేం అడగొద్దు.

చికోరీ కాఫీ:
నా మటుకు అది టూరిస్టుల గోల. పాడేవన్నీ ఊరూరా పాడేవే. నిజంగా వినాలనుంటే ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్ వెళ్ళండి, ఒక్కో తలుపు లోపల ఒక్కో బ్యాండ్.

గోదారి గట్టు:
@చికోరీ కాఫీ, వినడానికి వేరు, అరవడానికి వేరు అన్నా. భజనకి వెళ్ళి శ్రుతి తప్పిందంటే ఎలా?

హ్యూస్టన్ గోంగూర:
వెళ్ళొచ్చాం. అరగంట బొమ్మల్లా కూర్చున్న మాట నిజమే. తర్వాత బోస్టన్ బేస్‌బాల్ గ్రౌండ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పాడే పాట వచ్చింది, దానికి మాటలు రానక్కర్లేదు, బాకా ఊదే చోట అందరూ కలిసి అరవడమే. మూడోసారికి మా ఆవిడ నాకంటే ముందు అరిచింది. తెలుగు పాటకి 10 పెట్టి, కింద ఆవిడ పేరు రాశాను. పియానో ఆయన ఆ పేరుని మూడు ముక్కలు చేసి చదివి, పాట రాదని ఒప్పుకుని, మా ఇద్దరినీ నిలబెట్టి ఏదో ప్రేమపాట పాడాడు. నోటు వెనక్కివ్వలేదు. హరికేన్ గ్లాసు తెచ్చుకున్నాం, ప్రస్తుతం అందులో కరివేపాకు కాడలు ఉన్నాయి.