బిడ్డ పేరు మీద పెరట్లో చెట్టు: పుట్టిన వారంలోనే నాటాలా, ఆగాలా?

నీడపట్టు
బిడ్డ పుట్టిన వారంలోనే ఆ పేరు మీద పెరట్లో మొక్క నాటాలని కొందరంటారు. ఆగి నాటాలని, అదీ ఇంటికి దూరంగా విశాలమైన జాగాలో నాటాలని మరికొందరంటారు. పెరడు 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒక పక్క ఇంటి గోడ, ఎదురుగా ప్రహరీ అనుకుందాం. ఏది సరి? ఏ చెట్టు? కారణాలతో చెప్పండి.

అంటుకత్తి
వారంలోనే నాటడానికి నేను ఒప్పుకోను. పుట్టినరోజు ఏ నెలలోనైనా పడుతుంది, మొక్కకి కావలసింది మాత్రం నేలలో తడి. ఎండలు ముదిరినప్పుడు నాటితే ఆకులు వదిలేసే నీటిని వేర్లు అందించలేవు, ఎందుకంటే అవి ఇంకా సంచి ఆకారంలోనే ముద్దగా ఉంటాయి. చుట్టూ నేల తడిగా ఉన్నా ఆ ముద్ద ఎండిపోతుంది. మొదటి నెలంతా రోజు విడిచి రోజు దాని మొదట్లోనే నీళ్ళు పడాలి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అన్నిటికంటే ముందు తప్పిపోయే పని అదే.

తేదీ ముఖ్యమనుకుంటే ఆ రోజు గింజ వెయ్యండి. తొలకరి పడ్డాక మొక్కను నేలలోకి మార్చండి. కానీ ఏడాది దాటి సంచిలో ఉంచకండి, తల్లివేరు అడుగున చుట్టుకుపోతుంది. వేప గింజలు వేసేవాళ్ళకి ఒక మాట: పండు రాలిన 2, 3 వారాల్లోనే వెయ్యాలి, నిలవుంచితే మొలకెత్తవు.

గోడపక్క
4 మీటర్ల వెడల్పులో సరిగ్గా మధ్యన నాటినా గోడకి 2 మీటర్లే దూరం. వేప, రావి, గింజ మామిడి అక్కడ వద్దు.

వేర్లు పునాదిని పగలగొడతాయన్న మాట సగమే నిజం. మొదలు దగ్గర లావెక్కే వేరు తేలికపాటి ప్రహరీని, నాపరాళ్ళని లేపుతుంది. ఇంటి పునాదికి ప్రమాదం వేరే దారిలో వస్తుంది. నల్లరేగడిలాంటి నేలలో పెద్ద చెట్టు ఎండాకాలమంతా నీరు లాగేస్తే మట్టి కుంచించుకుపోయి పునాది ఒక పక్క కుంగుతుంది, గోడ మీద ఏటవాలు పగుళ్ళు కనిపిస్తాయి. గరప నేలల్లో ఈ బెడద చాలా తక్కువ. మురుగు గొట్టాల సంగతీ అంతే. గట్టిగా ఉన్న గొట్టాన్ని వేరు పొడవదు, కారే అతుకులోంచి లోపలికి దూరుతుంది.

పీల్చే వేర్లలో ఎక్కువ భాగం పైన అర మీటరు మట్టిలోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి చాలా దూరం పాకుతాయి. అందుకే లోతుగా నాటితే వేర్లు గోడ జోలికి రావన్న నమ్మకం వద్దు. ఈ జాగాకి దానిమ్మ, సీతాఫలం, జామ సరిపోతాయి, అవి కూడా ఏటా కత్తిరించి 3 మీటర్ల ఎత్తులో ఉంచితేనే.

వేపనీడ
గోడపక్క గారి కొలతలతో పేచీ లేదు, ఎంపికతోనే ఉంది. బిడ్డ పేరు పెట్టిన చెట్టు బిడ్డ కంటే ముందే ముసలిదైతే ఆ పేరుకి అర్థమేముంది? బొప్పాయి 3, 4 ఏళ్ళ మొక్క. నిమ్మ అయితే ఆ బిడ్డ చదువు ముగిసేలోపే కాపు ఉడుగుతుంది. మునగ కొమ్మ చిన్న గాలికే విరుగుతుంది, దాని కింద పిల్లల్ని ఆడనివ్వలేం. వేప, చింత, మామిడి, నేరేడు అయితే మనవల కాలం దాకా ఉంటాయి. వాటికి పెరడు చాలకపోతే ఏ గోడకైనా 10 మీటర్లు దూరం ఉన్న చోట నాటండి. చోటు ఇరుకని చెట్టుని కుదించడం నాకు నచ్చదు.

అంటుకత్తి
వేపనీడ గారూ, దూరాన నాటిన మొక్కల్ని చంపేది ఆ దూరమే. మొదటి రెండు వేసవులు దాటించేది రోజూ చూసే కన్ను. పెరట్లో ఆకు వాడితే పొద్దునే తెలుస్తుంది, బయటి జాగాలో నెల తర్వాత ఎండుపుల్లగా తెలుస్తుంది.

వయసు సంగతికి మార్గముంది. జామకి, దానిమ్మకి గూటి అంటు కట్టొచ్చు. వానాకాలంలో పెన్సిల్ లావు కొమ్మ మీద 2.5 సెంటీమీటర్ల వెడల్పున బెరడు చుట్టూ వలిచి, కింద జారుడుగా ఉండే పొరని కత్తి వీపుతో గీకెయ్యాలి. అది మిగిలితే బెరడు మళ్ళీ కలుసుకుంటుంది, వేరు రాదు. తడిపి పిండిన నాచు లేదా కొబ్బరిపొట్టు పిడికెడు పెట్టి, పాలిథిన్ చుట్టి రెండు చివరలా గట్టిగా కట్టాలి. నెల నుంచి రెండు నెలల్లో వేర్లు పాలిథిన్ లోంచి కనిపిస్తాయి. అప్పుడు ముడి కింద కోసి కుండీలో పెట్టి, కొన్ని వారాలు నీడలో ఉంచాలి. ఆ పిల్లమొక్క గుణంలో అచ్చంగా తల్లే. ఇల్లు మారినా, పాతది ముసలిదైనా ఆ చెట్టు బిడ్డతోనే ఉంటుంది. మామిడికి గూటి కంటే, ఆ చెట్టు పుల్లని తెచ్చి గింజ మొక్క మీద అంటు కట్టడమే నమ్మకమైన పని.

లోతుగుంత
ఎక్కడ నాటినా మొక్కలు ఎక్కువగా పోయేది గుంత దగ్గరే. మీటరు లోతు తవ్వి సగం ఎరువుతో నింపే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఆ ఎరువు మగ్గేకొద్దీ కుంగుతుంది, మొక్క కూడా దాంతోపాటు దిగిపోతుంది. మొదలు మట్టిలో కూరుకుపోయి బెరడు కుళ్ళుతుంది. మొదటి ఏడాది బాగానే ఉంటుంది, రెండో మూడో ఏట ఉన్నట్టుండి వడలిపోతుంది. అప్పుడు తెగులని మందు కొడతారు.

గుంత లోతు వేరుముద్ద ఎత్తంతే ఉండాలి, వెడల్పు దానికి 3 రెట్లు. కాండం వెడల్పై వేర్లుగా మారే చోటు నేల మట్టానికి ఉండాలి, ఒక అంగుళం పైకున్నా ఫరవాలేదు. అంటు మొక్కయితే కట్టు (పై పుల్ల, అడుగు మొక్క కలిసిన చోటు) ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి, దాని కింద మొలిచే చిగుళ్ళని వచ్చినవి వచ్చినట్టు తుంచెయ్యాలి. వదిలేస్తే కొన్నాళ్ళకి మిగిలేది అడుగు మొక్కే.

సంచిని మొత్తం చీల్చి తీసెయ్యండి. చుట్టుకున్న వేర్లని పక్కల నిలువుగా 3, 4 చోట్ల కొయ్యండి. కోసినందుకు చావదు, కొయ్యకపోతే పదేళ్ళ తర్వాత ఆ చుట్టలే మొదలుని బిగిస్తాయి. తీసిన మట్టినే తిరిగి వేసి, మాగిన ఎరువుని పైన పరవండి. దాని మీద 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు, కాండానికి జానెడు దూరంగా. ఊతకర్ర వదులుగా కట్టి ఏడాదికి తీసెయ్యాలి, గాలికి ఊగితేనే మొదలు బలపడుతుంది.

మనిషెత్తు మొక్క కొనకండి. తవ్వి తీసినప్పుడు వేర్లలో చాలా భాగం పోగొట్టుకుని, కోలుకోవడానికే ఏళ్ళు తీసుకుంటుంది. మోకాలెత్తు మొక్క దాన్ని దాటిపోతుంది.

పసితోట
ఎవరూ పసివాళ్ళ మాట ఎత్తలేదు. గన్నేరు, పచ్చగన్నేరు ఏ భాగమైనా విషమే, పాకే బిడ్డ ఉన్న పెరట్లో వద్దు. తవ్విన గుంతని రాత్రికి వదలకండి, వాననీరు జానెడు నిలిచినా పసిబిడ్డకి ప్రాణాపాయం. పాదుకీ అదే జాగ్రత్త, నీళ్ళు ఇంకేదాకా పక్కనే ఉండాలి. పేరు పలకని తీగతో కాండానికి కడితే కాండం లావెక్కి తీగ బెరడులోకి దిగుతుంది, పై భాగం ఎండిపోతుంది. మేకు కూడా వద్దు. పలకని పక్కన వేరే కర్రకి బిగించండి.

ఇంకోటి. మొక్క చచ్చిపోతే ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని అశుభంగా తీసుకుని నలిగిపోతారు. అందుకే రెండు మొక్కలు పెంచమంటాను, ఒకటి నేలలో, ఒకటి కుండీలో. పేరు రెండో వేసవి దాటాకే పెట్టండి.

వేపనీడ
పేరు ఆలస్యం చెయ్యడానికి నేను ఒప్పుకోను. పేరున్న మొక్కకే ఇంట్లో అందరూ నీళ్ళు పోస్తారు. కుండీలో రెండో మొక్క మాటకి మాత్రం సరే.

అంటుకత్తి గారూ, గూటి మాట కూడా ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. మొదటిది కట్టడానికి చెట్టు ముసలిదయ్యేదాకా ఆగకూడదు. జామకి పెన్సిల్ లావు కొమ్మలు మూడో ఏటికల్లా వస్తాయి, అప్పుడే ఒకటి కట్టి ఉంచాలి. ఆ ఏడు వేరు రాకపోతే మరో వానాకాలం చేతిలో ఉంటుంది.