అప్‌డేట్: గుండెపోటు టైమ్‌లైన్, వాస్క్యులైటిస్ మొత్తానికి పట్టుబడ్డాయి

గుండెపోటు తర్వాత కండరంలో ఏ రోజు ఏ మార్పు వస్తుందో ఎంత చదివినా నిలవడం లేదని, వాస్క్యులైటిస్ (రక్తనాళాల గోడల వాపు జబ్బులు) పేర్లన్నీ కలిసిపోతున్నాయని ఇంతకుముందు అడిగాను. పరీక్ష అయిపోయింది. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

బాగా పనిచేసిన సలహా ఏంటంటే, రోజుల లెక్క పక్కనపెట్టి అక్కడ ఏ కణాలు పనిలో ఉన్నాయో చూడమన్నది. 1 నుంచి 3 రోజుల్లో న్యూట్రోఫిల్స్ (ముందుగా చేరే తెల్ల రక్తకణాలు) ముమ్మరంగా ఉంటాయి. 3 నుంచి 7 రోజుల మధ్య మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే కణాలు) చచ్చిన కండరాన్ని తినేస్తుంటాయి. కొత్త కొల్లాజెన్ (కణజాలానికి గట్టితనమిచ్చే ప్రోటీన్) ఇంకా సరిగ్గా పడదు కాబట్టి గోడ మెత్తబడి ఉంటుంది. గుండె గోడ చిరిగే ప్రమాదం తొలి వారంలోనే ఎందుకు ఎక్కువో అప్పుడు అర్థమైంది. వైవాలో (నోటి పరీక్షలో) సరిగ్గా ఇదే అడిగారు! ఆ తర్వాత గ్రాన్యులేషన్ టిష్యూ (గాయం మానేటప్పుడు ఏర్పడే కొత్త కణజాలం), 2 నెలలు దాటాక గట్టి మచ్చ.

వాస్క్యులైటిస్‌ని రక్తనాళం సైజును బట్టి విడగొట్టుకున్నాను. తకయాసు, జెయింట్ సెల్ అనే రకాలు పెద్ద నాళాలకు, పాలీఆర్టరైటిస్ నొడోసా, కవసాకి మధ్యరకం వాటికి వస్తాయి. నొడోసా సాధారణంగా ఊపిరితిత్తుల నాళాల జోలికి పోదు. ఈ ఒక్క ముక్కతో సగం తికమక తీరింది. చిన్న నాళాల్లో వచ్చే ఆంకా (న్యూట్రోఫిల్స్‌కి వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలు) రకాలు మాత్రం ఇంకా కుదురుగా చదవాలి, అదీ ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) టెన్షన్ తీరాకే.