బ్లౌజు లోపలి అంచులకు జిగ్‌జాగ్ చాలునా, ఓవర్‌లాక్ మెషిన్ కొనక తప్పదా?

కుట్టుపెట్టె:
మా ఇంట్లో జిగ్‌జాగ్ (సూది ఎడమకు, కుడికి కదులుతూ వేసే వంకర కుట్టు) ఉన్న మోటారు మెషిన్ ఉంది. ఇరుగుపొరుగు వారికి బ్లౌజులు, పిల్లల గౌన్లు కుడుతుంటాను. లైనింగు వేసిన కాటన్ బ్లౌజులకు నాలుగు ఉతుకులు పడేసరికి చంక దగ్గర పోగులు లేస్తున్నాయని కొందరు అంటున్నారు. అంచును కోస్తూ దారాలతో చుట్టే ఓవర్‌లాక్ మెషిన్ కొనమని కొందరు, ఉన్న జిగ్‌జాగే చాలని మరికొందరు సలహా ఇస్తున్నారు. ఏది సబబో కారణాలతో చెప్పగలరా?

గద్వాల దర్జీ:
డబ్బు తీసుకొని కుట్టేవారికి ఓవర్‌లాక్ తప్పదని నా అభిప్రాయం. అందులోని కత్తి అంచును సమంగా కోసుకుంటూ పోతుంటే, వెనువెంటనే మూడో నాలుగో దారాలు ఆ అంచును చుట్టేస్తాయి. జిగ్‌జాగ్‌లో ఉండేవి పై దారం, కింది నుంచి వచ్చే బాబిన్ దారం మాత్రమే. కత్తి లేదు కనుక కత్తెరతో కోసిన అంచు ఎగుడుదిగుడుగా ఉంటే కుట్టూ అలాగే కనబడుతుంది. పలుచని బట్ట అయితే అంచు గొట్టంలా ముడుచుకుంటుంది. బ్లౌజు చేతికి రాగానే కస్టమరు తిప్పి చూసేది లోపలి వైపే కదా!

నూలుదారం:
దర్జీ గారు చెప్పిన ముడత నిజమే కాని, దానికి కారణం చాలావరకు అమరికలోనే ఉంటుంది. సూది ఎడమకు దిగినప్పుడు బట్టలోను, కుడికి దిగినప్పుడు అంచు దాటి ఒక వెంట్రుకవాసి బయటను పడాలి. సూది రెండుసార్లూ బట్టలోనే దిగితే అంచు చివర పోగులు కుట్టుకు అందకుండా మిగిలిపోతాయి. సూది మరీ బయట పడితే దారం అంచును లోపలికి లాగి ముడుస్తుంది. కాటన్‌కు కుట్టు వెడల్పు 4 లేదా 5 మి.మీ., పొడవు 2 మి.మీ. దగ్గర ఉంచి, పై దారం బిగువు (టెన్షన్) కొంచెం తగ్గించి, ముందుగా ఒక పీలిక మీద కుట్టి చూసుకోవాలి. మధ్యలో సన్నని తీగ ఉండే అంచు ఫుట్ (సూది కింద బట్టను అదిమిపట్టే పాదం) దొరుకుతుంది. దారం ఆ తీగ మీదుగా పడుతుంది కాబట్టి బట్ట ముడుచుకోదు. ఒక హెచ్చరిక: సన్న రంధ్రం ఉన్న, నేరుగా కుట్టడానికి వాడే ఫుట్‌తో జిగ్‌జాగ్ తిప్పితే సూది ఫుట్‌కు తగిలి విరుగుతుంది.

మన బ్లౌజుల విషయంలో మరొక సంగతి ఉంది. తరువాత లూజు చేసుకోవడానికి పక్కల్లో బట్ట వదిలి, రెండు మూడు వరసలు కుడతాము. ఓవర్‌లాక్ కత్తి అలవాటు లేని చేతిలో ఆ వదిలిన బట్టనే తినేస్తుంది. కత్తిని పక్కకు తప్పించే వీలు చాలా మెషిన్లలో ఉన్నా, తొందరలో దాన్ని గుర్తుపెట్టుకునేవారు తక్కువ. పైగా జిగ్‌జాగ్ మెషిన్ కాజాలు కూడా కుడుతుంది. ఓవర్‌లాక్‌కు ఆ పని రాదు.

గద్వాల దర్జీ:
కాటన్ వరకు ఒప్పుకుంటాను. జార్జెట్, షిఫాన్ సంగతి ఏమిటి? ఏ ఫుట్ పెట్టినా అవి జారిపోతూనే ఉంటాయి. రోజూ కుట్టేవారికి వేగమూ ముఖ్యమే. ఓవర్‌లాక్ చేసే వేగంతో ఇంటి మెషిన్ పోటీ పడలేదు.

నూలుదారం:
వేగం విషయంలో మీతో వాదించను. జార్జెట్‌కు మాత్రం ఓవర్‌లాక్ కూడా ఉత్తమమని అనను. ఆ దారాల మందం బట్ట పైకి గీతలా కనబడుతుంది. బట్టల మంచి వైపులు బయటకు ఉండేలా అంచుకు దగ్గరగా ఒక కుట్టు వేసి, కత్తిరించి, తిరగేసి, ఆ అంచు లోపల ఇమిడిపోయేలా రెండో కుట్టు వేస్తే ఓవర్‌లాక్, జిగ్‌జాగ్ రెండింటి అవసరమూ ఉండదు. అయితే ఇది పక్క కుట్లకు బాగుంటుంది కాని, చంక వంపులో తిప్పడం కష్టం. అక్కడ 11వ నంబరు సూదితో, ఒక్కో వాలును మూడు చిన్న కుట్లుగా వేసే జిగ్‌జాగ్ మీ మెషిన్‌లో ఉంటే అది వాడండి. మామూలు జిగ్‌జాగ్ కంటే అది అంచును తక్కువగా లాగుతుంది.

కుట్టుపెట్టె:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. నా మెషిన్‌లో ఆ మూడు కుట్ల జిగ్‌జాగ్ ఉంది. తీగ ఉన్న ఫుట్ తెప్పించుకుంటాను. పెళ్లిళ్ల కాలంలో ఆర్డర్లు పెరిగితే, ఓవర్‌లాక్ ఉన్న దుకాణంలో అంచులు మాత్రం చేయించుకొని, మెషిన్ కొనే సంగతి తరువాత చూస్తాను.