మా అమ్మ ‘నువ్వు’ అనడం అమర్యాద అవుతుందా?

వంశధార ఒడ్డు:
గత నెలలో మా అమ్మను వెంటబెట్టుకుని పింఛను కాగితం పని మీద ఒక కార్యాలయానికి వెళ్లాను. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట పరిసరాల్లోదని మాత్రం చెబుతాను, పేరు అనవసరం. అమ్మ కొంగుముడి విప్పి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టి, ‘‘బాబూ, నీకు దండవెడతాను, నువ్వే ఓపాలి సూడు’’ అంది. ఆ ఉద్యోగి తల ఎత్తకుండానే ‘‘ఎవరిని పట్టుకుని నువ్వంటున్నావు?’’ అన్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషిని ఆయన అన్నది కూడా ‘నువ్వు’ అనే.

అయితే నా ప్రశ్న ఆయన గురించి కాదు. మా మేనకోడలు చదివే బడిలో ‘మీరు’ అనని పిల్లలను నిలబెడుతున్నారట. మన పల్లెల్లో అమ్మను, అయ్యను, దేవుణ్ణి, చివరికి మేష్టారిని కూడా ‘నువ్వు’ అనే అంటాం. గౌరవం ‘బాబూ’లోనో ‘తల్లీ’లోనో ‘నాయినా’లోనో ఉంటుంది తప్ప బహువచనంలో ఉండదు. ఆ ‘నువ్వు’ను మాన్పించడం పిల్లలకు మర్యాద నేర్పడమా, తమ ఇంట్లోవాళ్లకు మర్యాద తెలియదని నేర్పడమా?

సుద్దముక్క:
చీపురుపల్లి వైపు ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నాను, కనుక ఈ బాణం నాకూ తగిలినట్టే. పిల్లలను నిలబెట్టడం తప్పు, అది వేరే సంగతి. అయితే ‘మీరు’ నేర్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు. నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు పాలిటెక్నిక్ పూర్తిచేసి హైదరాబాదులో ఇంటర్వ్యూకు వెళ్లి, ఎదుట కూర్చున్న పెద్దమనిషితో ‘‘నువ్వు అడిగింది నాకు తెల్దు’’ అన్నాడు. వాడి మనసులో అణువంత అమర్యాద లేదని నాకు తెలుసు, కానీ విన్నవాడికి తెలియదు కదా. మాట అర్థం పలికినవాడి ఇంట్లోనే కాదు, విన్నవాడి ఇంట్లో కూడా ఉంటుంది.

మన యాసను వెనకేసుకొచ్చేవాళ్లు ప్రతి ఆగస్టు 29న, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున, ఆయనను తలుచుకుంటారు. ఆయన పుట్టింది శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలోనే అయినా, పుస్తకాల్లోకి రావాలని పోరాడింది శిష్ట వ్యావహారికం కోసమన్న, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే వాడుక భాష కోసమన్న సంగతి ఎవరూ ఎత్తరు.

కోటజంక్షన్:
అదే గిడుగు వారు కొండల్లోని సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే వాళ్ల సవర భాష నేర్చుకున్నారు. ఆ సంగతి కూడా ఎవరూ ఎత్తరు.

వంశధార ఒడ్డు:
సుద్దముక్క గారూ, ఆ కుర్రవాడికి ఉద్యోగం రాకపోవడానికి కారణం ‘నువ్వు’ అన్న మాటేనని మీకెవరు చెప్పారు? ‘తెల్దు’ అన్నందుకు కావచ్చు, నిజంగానే జవాబు తెలియనందుకు కావచ్చు. ముందు ఇది తేల్చండి.

సుద్దముక్క:
వాడే చెప్పాడు.

వంశధార ఒడ్డు:
వాడికెవరు చెప్పారు?

గోదావరి కోడలు:
మీరిద్దరూ ఆ కుర్రవాణ్ణి కాసేపు వదిలేస్తే ఒక మాట చెబుతాను. నాది అమలాపురం దగ్గర ఊరు. మాట చివర ‘అండి’ లేకపోతే అన్నం సహించని ఇంట్లో పుట్టాను. పెళ్లయి ఆమదాలవలసకు వచ్చిన కొత్తలో, తొమ్మిదో తరగతి చదివే మా మరిది ‘‘వదినా, నువ్వు తినీసినావేటి?’’ అని అడిగితే ఆ రాత్రంతా ఏడ్చాను. మూడు నెలల తరవాత నాకు జ్వరం వస్తే, ఆ కుర్రవాడే సైకిలు మీద నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారిపొడవునా ‘నువ్వు’ అనే అన్నాడు. ఇప్పుడు పుట్టింటికి వెళితే అక్కడి ‘అండి’ కొంచెం దూరంగా వినిపిస్తోంది. చెవి మారుతుందండి, కాకపోతే సమయం తీసుకుంటుంది. ఆ బల్ల దగ్గర అంత సమయం ఎవరికుంది?

తాటిముంజె:
అసలు విషయం ఎవరూ చెప్పడం లేదు. ‘మీరు’ అన్న మాటే మనుషుల మధ్య మెట్లు కట్టింది. మన జిల్లాల్లో ఆ మెట్లు లేవు కనుకనే ఇక్కడి మనుషులు కల్మషం లేనివాళ్లు.

సుద్దముక్క:
ఇంగ్లీషులో నౌకరుకూ దొరకూ ఒకటే ‘యూ’ అయి కొన్ని వందల ఏళ్లయింది, అంతమాత్రాన అక్కడ దొరలు లేకుండా పోయారా? తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అని క్రియ ఒకటే ఉంటుంది, అంతమాత్రాన తెలుగువాళ్లందరూ ఆడవాళ్లను ఆవులనుకుంటున్నట్టా? భాష చూసి సమాజాన్ని ఇంత సులువుగా లెక్కకట్టకండి. ‘నువ్వు’ అనే జిల్లాలో మెట్లు లేకపోతే 1967 అక్టోబరులో అప్పటి శ్రీకాకుళం జిల్లాలోని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు ఇద్దరు గిరిజనులను ఎందుకు కాల్చి చంపారు?

వంశధార ఒడ్డు:
ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిపోయారు! నేనడిగింది మా అమ్మ గురించి. మేష్టారూ, కోపగించుకోకండి గానీ, ఇంత వాదన చూస్తుంటే మీకు మీ ఊరి మాటంటేనే సిగ్గనిపిస్తోంది. బహుశా బడికి మీ అమ్మానాన్నలు వస్తే తోటి ఉపాధ్యాయుల ముందు నోరెత్తనిచ్చి ఉండరు.

కోటజంక్షన్:
ఒకరినొకరు ‘మీరు’ అంటూనే ఎంత చక్కగా తిట్టుకోవచ్చో చూపిస్తున్నారు.

సుద్దముక్క:
సిగ్గు గురించి అడిగారు కనుక చెబుతాను. మా నాన్న కంబారి, అంటే పాలేరు. భూస్వామి బుగత గారింటి ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆయనను ‘ఒరే’ అనేవాడు, మా నాన్న వాణ్ణి ‘బాబూ’ అనేవాడు. మీరు ‘బాబూ’లో గౌరవం ఉందంటున్నారు, నాకు మాత్రం ఆ మాట వినగానే వంగిన నడుము కనిపిస్తుంది. మా ఊళ్లో ‘నువ్వు’ అందరికీ ఒకటే అన్నది సగం నిజం. కింద ఉన్నవాడికి ఆ ‘నువ్వు’ కూడా దక్కేది కాదు.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది ఆయనను కంటి ఆపరేషనుకు విజయనగరం తీసుకెళ్లాను. డాక్టరు గారు ‘‘మీరు ఇలా కూర్చోండి’’ అన్నారు. మా నాన్న కూర్చోలేదు, వెనక్కి తిరిగి చూశాడు. తనతోపాటు ఇంకెవరో వచ్చారనుకున్నాడు. అరవై ఏళ్ల మనిషికి ఆ మాట తనొక్కడి కోసమని తెలియలేదు. నేను తరగతిలో ఆరో తరగతి పిల్లలను కూడా ‘మీరు’ అనే పిలుస్తాను. మొదటి వారం నవ్వుతారు, ఆ తరవాత అలవాటు పడతారు. పెద్దవాళ్లకు చెల్లించడానికి కాదు, తమకు రావలసింది అడిగి తీసుకోవడానికి నేర్పుతున్నాను.

వంశధార ఒడ్డు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను ఆ చివరి వాక్యం రాసేవాణ్ణి కాదు, క్షమించండి. అయినా ఒక్క విషయంలో నేను కదలను. ‘మీరు’ ఇవ్వవలసిన వాడు బల్ల వెనక కూర్చున్నాడు, నిలబడుతున్నది మాత్రం మా మేనకోడలు. మా అమ్మ ‘నీకు దండవెడతాను’ అన్నప్పుడు ‘దండం’ వినిపించని చెవికి ‘మీకు’ అన్నా ఏం వినిపిస్తుంది?

సుద్దముక్క:
ఆ చెవిని మార్చే అధికారం నాకు లేదు. నలభై మంది నోళ్లు మాత్రం నా చేతిలో ఉన్నాయి.

వంశధార ఒడ్డు:
అంటే మళ్లీ భారం మా మీదే పడింది.

గోదావరి కోడలు:
ఇంతకీ అమ్మగారి కాగితం పని అయిందాండి?

వంశధార ఒడ్డు:
కాలేదు. సోమవారం మళ్లీ రమ్మన్నారు. నేను వద్దంటున్నా వినకుండా అమ్మ రెండు రోజులుగా నా మీదే సాధన చేస్తోంది. పొద్దున్న చల్ది అన్నం కంచం ముందు పెట్టి, ‘‘మీరు తినండి బాబూ’’ అంది.